వెర్సాయి రాజోద్యానము : నీటి చరిత్ర

ఐరోపా రాజప్రాసాదములలో వెర్సాయికి గల ప్రసిద్ధి మిక్కిలి గొప్పది. పారిస్ నగరమునకు నైరృతిదిశగా సుమారు 20 కిలోమీటర్ల దూరముననున్న ఆ ప్రాసాదమును మేము దర్శించిన దినమున జలయంత్రములు పనిచేయుట లేదు. కొలనులు నిశ్చలములై యుండెను. మొదట ఆశాభంగము కలిగినమాట నిజమే. కాని ఆ నిశ్శబ్దమే ఈ వ్యాసమునకు మూలమైన ప్రశ్నను మాకందించెను: నదియే లేని ఈ మెరకనేలపై ఇంతటి తోటకు నీరెక్కడినుండి వచ్చెను?

ప్రాసాదచరిత్రను సంగ్రహముగ చెప్పవచ్చును. 1623లో పదుమూడవ లూయీ ఇచ్చట చిన్న వేటవిడిది కట్టించెను. అతని కుమారుడు పదునాలుగవ లూయీ 1661 మొదలు దానిని విస్తరింపజేసెను. లె వో, అతని తరువాత ఆర్దూయె మాన్సార్ వాస్తుశిల్పులు. లె బ్రన్ చిత్రాలంకరణమునకు అధిపతి. లె నోత్ర్ ఉద్యానశిల్పి. 1682 మే 6వ తేదీన రాజసభ వెర్సాయికి తరలివచ్చెను. 1678-1684 నడుమ నిర్మితమైన అద్దముల మందిరము పొడవు 73 మీటర్లు. అందు 17 కిటికీలకెదురుగా 17 తోరణములలో 357 అద్దములను అమర్చిరి. ఉద్యానమంతయు ఆ అద్దములలో మరల ప్రతిబింబించును.

‘బరోక్’ అను పదమునకు వంకరముత్యమను అర్థముగల పోర్చుగీసు పదము మూలమని సాధారణముగా చెప్పుదురు. ఫ్రెంచి పండితులు పలువురు వెర్సాయికి ఆ పేరు పెట్టుటకిష్టపడక, దానిని క్లాసికల్ శైలిలో చేర్చుదురు. భవనముయొక్క కొలతలలోని నియతిని చూచిన వారి మాట కాదనలేము. కాని చూపరి కన్నును తన యిచ్చవచ్చినట్లు నడిపించి విస్మయపరచు ప్రదర్శనబుద్ధిని చూచినచో బరోక్ అను పేరే తగునని మాకు తోచినది.

ఈ ప్రదర్శనబుద్ధి ఉద్యానమున స్పష్టమగును. ప్రాసాదము వెనుక అరుగుపై నిలిచి పడమరకు చూచితిమి. క్రింద లటోనా జలయంత్రము, దానికావల పచ్చిక బాట, సూర్యదేవుడైన అపోలో రథము, ఆ పిమ్మట 1670 మీటర్ల పొడవుగల పెద్ద కాలువ, ఇవన్నియు ఒకే సూత్రమున గ్రుచ్చినట్లుండెను. ఈ తోటను ఎట్లు చూపవలెనో రాజు స్వయముగ ఒక దర్శనక్రమమును వ్రాయించెను. దాని మొదటి పాఠము 1689 నాటిది. ఎచ్చట నిలువవలెను, ఎటు తిరుగవలెను, ఏది చూడవలెను అను విధులే అందుగలవు. చూచుటకు సైతము రాజాజ్ఞ కలదన్నమాట.

లటోనా కథ ఇచ్చట స్మరింపదగినది. అపోలో, డయానాల తల్లియైన లటోనా దాహముతో ఒక కొలనుకడకు రాగా, గ్రామీణులు ఆమెను త్రాగనీయక నీటిని బురదచేసిరి. ఆమె శాపమున వారు కప్పలైరి. మార్సీ సోదరులు మలచిన ఆ శిల్పములలో సగము మనుష్యులును సగము కప్పలునైన రూపములు నేటికిని కానవచ్చును. నీరు నిరాకరించిన పల్లెవారికి శిక్ష యని రాజోద్యానము నడుమ చెప్పించిన ఆ రాజు, తన తోటకు చాలినంత నీటిని జీవితాంతము సమకూర్చుకొనలేకపోయెను.

మొదట సమీపమునగల క్లాన్యీ చెరువునుండి నీటిని తోడిరి. అది చాలలేదు. త్రాప్ ప్రాంతమున చెరువులు త్రవ్వించి వాననీటిని కాలువలద్వారా రప్పించిరి. అదియు చాలలేదు. జలయంత్రములన్నిటిని ఒక్కసారి పూర్ణవేగముతో ఆడించుట అసాధ్యమయ్యెను. అందుచే రాజు నడచివచ్చుచున్నపుడు సేవకులు ఈలలువేసి సంకేతము లందించుకొనిరి. ముందున్న యంత్రము తెరచుకొనును. ఆయన దాటిపోగానే మూతపడును. రాజు నీటిని శాసింపలేదు, అది కంటబడు క్షణమును మాత్రమే శాసించెను.

కొరతను తీర్చుటకు సేన్ నదిపై మార్లీ యంత్రమును 1681లో ఆరంభించి 1684లో నడిపించిరి. లియేజ్ ప్రాంతమునుండి వచ్చిన అర్నోల్ద్ ద విల్, రెన్కాఁ స్యువాలెం దాని నిర్మాతలు. నదీప్రవాహముచే తిరుగు 14 చక్రములు, రెండువందలకు పైబడిన పంపులు నీటిని సుమారు 150 మీటర్ల ఎత్తునకు ఎక్కించెను. ఆ కాలమునకిది అద్భుతమే. అయినను ఆ నీరును చాలలేదు. 1685లో యూర్ నదిని సుమారు 80 కిలోమీటర్ల కాలువద్వారా మళ్ళింప యత్నించిరి. వోబాన్ రూపకల్పనమున, మంత్రి లూవ్వా పర్యవేక్షణమున సైనికులు, పనివారు కలిసి సుమారు 30,000 మంది శ్రమించిరి. జ్వరములు ప్రబలి పెక్కురు మరణించిరి. 1688లో యుద్ధమారంభమై పని నిలిచిపోయెను, మరల సాగలేదు. మాంతెనోన్ వద్ద మొండితోరణములు నేటికిని నిలిచియున్నవి.

ఈ మరణములనుగూర్చిన సాక్ష్యములను జాగ్రత్తగ పరిశీలింపవలెను. మదాం ద సెవిన్యే 1678లో వ్రాసిన లేఖలో వెర్సాయి పనివారి మరణములను ప్రస్తావించెను. ఆమె పనిస్థలమున లెక్కలు వ్రాసిన వ్యక్తి కాదు. సాన్ సిమోన్ తన స్మృతులలో యూర్ పనిని తీవ్రముగ నిందించెను. అతడు 1675లో జన్మించినవాడు. ఆ పని నాటికి బాలుడు. కావున వీరి మాటలు కాలవాతావరణమును తెలుపునే గాని సంఖ్యను నిర్ణయింపవు. రాజభవనముల ఆయవ్యయపట్టికలు వీనికంటె విలువైనవి. గిఫ్రే వానిని 1881-1901 నడుమ 5 సంపుటములుగ ప్రకటించెను. పాలరాతికి, సీసపు గొట్టములకు చెల్లించిన పైకము ప్రక్కనే, పనిలో గాయపడినవారికి, మృతుల భార్యలకు ఇచ్చిన పైకము వానిలో నమోదైయున్నది. అలంకారము లేని ఆ పంక్తులే సందేహమునకు తావీయని సాక్ష్యములు.

చెరువు త్రవ్వించుటను సప్తసంతానములలో నెన్నిన సంప్రదాయమున పెరిగిన మనకు, పైరుకు గాక చూపుకొరకు ఇన్ని చెరువులు త్రవ్వించుట వింతగ తోచును. అంతమాత్రమున లె నోత్ర్ ప్రతిభను తగ్గించి చెప్పుట న్యాయము కాదు. ఆ తోట సౌందర్యము యథార్థము. దాని మూల్యమును యథార్థము. ఒకదానిని చెప్పి వేరొకదానిని విడుచువాడు చరిత్రకారుడు కాడు.

నేటికిని ఆ జలయంత్రములు నియతదినములలో మాత్రమే ఆడును. అట్టి దినమున వెళ్ళినవారికి రాజు చూపదలచిన వెర్సాయి కనబడును. మేము వెళ్ళిన దినమున ఎండిన గొట్టపు నోళ్ళు కనబడినవి. ప్రాసాదచరిత్రను వ్రాయబూనిన పరిశోధకుడు ఈ రెండు దినములలోను వెళ్ళిరావలెనని మా అభిప్రాయము.