టూర్మలే కనుమ కింద కొలిమి

జూలై వచ్చిందంటే ఫ్రాన్స్ జనం రోడ్డు పక్కకు చేరతారు. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం మూడు వారాలు సాగినా, ఎవరు నిలిచేదీ ఎవరు జారేదీ ఆల్ప్స్, పిరనీస్ కొండల్లోనే తేలుతుంది. 1913లో ఇలాంటి జూలైలోనే, తొమ్మిదో తేదీన, ఒక సైకిలిస్టు పందెం మధ్యలో కమ్మరి అయ్యాడు. పేరు యూజెన్ క్రిస్తోఫ్. విజేతల జాబితాలో ఎంత వెతికినా కనిపించడు. కొండ పందేల కథ ఎత్తితే మాత్రం నా మనసు మొదట అతని దగ్గరికే పోతుంది.

పిరనీస్ కనుమలు శతాబ్దాల తరబడి గొర్రెల కాపరులవి, కంచరగాడిదలవి. పద్నాలుగో లూయీ కొడుకును వేడినీటి బుగ్గలకు తీసుకువెళ్తూ మదామ్ ద మాంతెనోన్ 1675లో అక్కడి టూర్మలే కనుమ దాటిందని చెబుతారు. మూడో నెపోలియన్ కాలంలో ఆ బుగ్గల ఊళ్లను కలుపుతూ రోడ్డు పడింది. ఇక సైకిల్ సంగతికొస్తే, 1869లో పారిస్ నుంచి రువాన్‌కు పందెం జరిగింది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. 1903లో లోటో అనే క్రీడాపత్రిక, పోటీ పత్రికను దెబ్బతీసి తన అమ్మకాలు పెంచుకోవడానికి దేశం చుట్టూ పందెం పెట్టింది. సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్ దాన్ని నడిపించాడు. పొగగొట్టాలు తుడిచి బతికిన మోరిస్ గారాన్ మొదటి విజేత.

1905లో బలోన్ దల్సాస్ కొండ ఎక్కించారు. 1910లో పిరనీస్ వంతు వచ్చింది. దారి చూసి రమ్మని పంపితే దెగ్రాంజ్ సహాయకుడు ఆల్ఫాన్స్ స్టెనెస్ కారు మంచులో కూరుకుపోయింది. చీకట్లో కాలినడకన టూర్మలే దాటి, దారి తప్పి, వెతకవచ్చిన వాళ్ల కంటపడి ప్రాణాలు దక్కించుకున్నాడు. అంత జరిగినా, దారి బాగుంది, సైకిళ్లు పోతాయి అని తంతి కొట్టాడు. ఆ జూలైలో లుషోన్ నుంచి బయోన్ దాకా 326 కిలోమీటర్లు తొక్కించారు. ఒబిస్క్ కనుమ మీద ఒక్తావ్ లపీజ్ నిర్వాహకులను హంతకులని తిట్టాడు. తిట్టినవాడే ఆ దశ గెలిచాడు, ఆ ఏడు పందెమూ గెలిచాడు.

మూడేళ్ల తరవాత అదే దారిలో, ఈసారి బయోన్ నుంచి లుషోన్‌కు, పందెం బయల్దేరింది. ఆనాటి సైకిలుకు గేర్లు మార్చే మీట లేదు. మట్టిరోడ్డు, రాళ్లు. సైకిలు విరిగితే సొంత చేతులతో బాగుచేసుకోవాలి, పక్కవాడు వేలు పెట్టకూడదు అన్నది దెగ్రాంజ్ పెట్టిన నిబంధన. మొత్తం పట్టికలో క్రిస్తోఫ్‌ది రెండో స్థానం. మొదట ఉన్న బెల్జియం వీరుడు ఒదీల్ దెఫ్రాయ్ ఆ రోజు వెనకబడి పందెం వదిలేశాడు. 2115 మీటర్ల టూర్మలే శిఖరాన్ని ఫిలిప్ తీస్ ముందు దాటగా, క్రిస్తోఫ్ వెనకే దాటాడు. ఆ క్షణానికి మొత్తం లెక్కలో అందరికన్నా ముందున్నది అతనే.

దిగుడులో ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది. సైకిలు భుజాన వేసుకుని, చక్రం చేత పట్టుకుని కొండ దిగువకు నడిచాడు. పది కిలోమీటర్లకు పైబడిన దారి. తను ఎక్కుడులో దాటేసినవాళ్లందరూ ఒక్కొక్కరే పక్కనుంచి దూసుకుపోతున్నారు. సాంత్ మరీ ద కాంపాన్ పల్లెకు చేరేసరికి రెండు గంటలు పట్టింది. ఊళ్లో ఒక చిన్నపిల్ల దారి చూపింది: ఊరి ఆ చివర లెకాంత్ అనే కమ్మరి కొలిమి ఉంది.

లెకాంత్ సాయం చేస్తానన్నాడు. నిబంధన ఒప్పుకోదు. చెప్పవచ్చు, తాకకూడదు. అయితే క్రిస్తోఫ్ పందేలకు రాకముందు తాళాల పని చేసినవాడు. ఇనుము అతనికి కొత్త కాదు. విరిగిన ఫోర్కును ఊడదీసి, ఉక్కు గొట్టం ముక్క తీసుకుని, నిప్పుల్లో ఎర్రగా కాల్చి, దాగలి మీద సుత్తితో సాగగొట్టి అతుకు వేశాడు. కొలిమి దగ్గర కూర్చున్నవాళ్లకు ఆ కష్టం తెలుసు. పట్టకారుకు ఒక చెయ్యి, సుత్తికి ఒక చెయ్యి, తిత్తికి మూడోది కావాలి. ఒకచోట రెండు చేతులూ చాలక, అక్కడున్న కుర్రవాణ్ణి తిత్తి ఊదమన్నాడు. అదే నేరమైంది.

నిబంధన తప్పుతుందేమోనని పందెం అధికారులు పక్కనే కాపలా నిలబడ్డారు. వాళ్లలో ఒకరు ఆకలేస్తోంది, వెళ్లి తినివస్తానంటే, ఆకలైతే బొగ్గు తినండి, నేను మీ ఖైదీని, చివరిదాకా మీరు నాకు కాపలా ఉండవలసిందేనని అన్నట్టు క్రిస్తోఫ్ తరవాత చెప్పుకున్నాడు. ఫోర్కు సిద్ధమవడానికి మూడు గంటలు పట్టింది. జేబులో రొట్టె కుక్కుకుని మళ్లీ సైకిలెక్కి, ఇంకా రెండు కనుమలు, ఆస్పాన్, పెయ్‌రసూర్ద్, దాటాడు. తీస్ కన్నా దాదాపు నాలుగు గంటలు వెనక లుషోన్ చేరాడు. తిత్తి ఊదించుకున్నందుకు పది నిమిషాల శిక్ష వేసి, తరవాత మూడుకు తగ్గించారు. ఆ ఏడు తీస్ గెలిచాడు. క్రిస్తోఫ్ ఏడోవాడు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. లపీజ్ యుద్ధవిమానంలో 1917 జూలై 14న చనిపోయాడు. 1919లో పందెం మళ్లీ మొదలైనప్పుడు, ముందున్నవాణ్ణి జనం గుర్తుపట్టేందుకు, లోటో అచ్చయ్యే కాగితం రంగులోనే, పసుపు జెర్సీ పెట్టారు. మొట్టమొదట తొడిగింది క్రిస్తోఫ్‌కే. చివరి నుంచి రెండో దశలో వాలెన్సియెన్ దగ్గర మళ్లీ ఫోర్కు విరిగింది. మూడోవాడుగా మిగిలాడు. పాఠకులు చందాలు వేసుకుని అతనికి సొమ్ము పంపారు. ఆ మనుషులు నాకు ఎంతో నచ్చుతారు.

ఆ తరవాతి కథ ఒక్క దారిలో నడవదు. 1933లో కొండరాజు బహుమతి పెట్టారు, దానికి చుక్కల జెర్సీ 1975లో గాని రాలేదు. 1937లో గేర్లు మార్చే డీరైలర్‌ను అనుమతించారు. 1952లో 21 మలుపుల ఆల్ప్ దూయెజ్ మీద ఫౌస్తో కొప్పీ గెలిచాడు. 1967లో మోన్ వాంతూ ఎండలో, ఒంట్లో ఉత్తేజక మందుతో టామ్ సింప్సన్ కుప్పకూలి చనిపోయాడు. ఆండీస్ కొండల కొలంబియా బిడ్డ లూయిస్ ఎర్రేరా 1984లో ఆల్ప్ దూయెజ్ గెలిస్తే, అదే దేశపు ఎగాన్ బెర్నాల్ 2019లో మొత్తం పందెమే గెలిచాడు. ఈ రెంటి మధ్యలో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు విజయాలూ నిషిద్ధ మందుల మచ్చతో 2012లో రద్దయ్యాయి. మహిళల టూర్ 2022లో కొత్తగా మొదలైంది. మరుసటి ఏడు టూర్మలే శిఖరం మీద దెమి వోలెరింగ్ గెలిచింది.

ఇప్పుడు ఫోర్కు విరిగితే వెనక కారులోంచి మరో సైకిలు దిగుతుంది. అలాగే ఉండాలి కూడా. తిత్తి ఊదిన పిల్లవాడి సాయాన్ని నేరంగా లెక్కగట్టిన నిబంధన అన్యాయం. అది పోవడం మంచిదే. అయితే ఆ అన్యాయంలోనూ నలిగిపోకుండా నిలిచిన పనితనానికి దండం పెట్టకుండా ఉండలేను. కొండ ఎక్కే కాళ్లను లోకం ఎప్పుడూ పొగుడుతుంది. ఇనుమును దారికి తెచ్చే చేతులు కూడా ఈ పందేన్ని నిలబెట్టాయి. అవి ఈనాడు సైకిలిస్టువి కావు, వెనక కారులో కూర్చున్న మెకానిక్‌వి. ఈ జూలైలో టీవీ ముందు కూర్చుంటే, కొండ ఎక్కేవాడితో పాటు కారు దిగి పరుగెత్తి చక్రం బిగించే ఆ మనిషికీ చప్పట్లు కొట్టండి.