చమురు కరువు: పొదుపు ఎవరిది?

1973 అక్టోబరులో అరబ్బు-ఇజ్రాయెల్ యుద్ధం వచ్చింది గనుక చమురు ధర పెరిగిందని చెప్పటం పరిపాటి. అది సగం నిజం. 1959లోనూ, తిరిగి 1960లోనూ పాశ్చాత్య కంపెనీలు, చమురు ఎవరి నేలలో ఉందో వారిని మాటమాత్రమైనా అడగకుండా ధర తగ్గించాయి. 1960 సెప్టెంబరులో బాగ్దాదులో ఒపెక్ పుట్టింది ఆ అవమానం నుంచే. ధర నిర్ణయించే హక్కు ఎవరిదన్న తగవు అప్పటిది. యుద్ధం దాన్ని రచ్చకెక్కించింది. పీపా 3 డాలర్లున్న ప్రకటిత ధర 1974 జనవరికి 11 డాలర్ల 65 సెంట్లయింది.

ఇక పరిష్కారాల మీద వాదోపవాదాలు. 1980 నాటికి పరాయి చమురు అక్కర లేకుండా చేస్తామని నిక్సన్ ప్రకటించాడు. అది జరగలేదు. అసలు చర్చ వేరు: ఉన్నదాన్ని కూపన్ల మీద పంచటమా, ధర పెంచి వదిలెయ్యటమా? పంచితే కారున్న ప్రతివాడికీ వాటా ఉంటుంది. వదిలేస్తే డబ్బున్నవాడే బండి నడుపుతాడు. అమెరికా ప్రభుత్వం కోట్ల కొద్దీ కూపన్లు అచ్చువేయించి, ఒక్కటీ పంచలేదు. 1981 జనవరిలో రీగన్ చమురు ధరల నియంత్రణ ఎత్తివేయటంతో ఆ చర్చ ఎవరి పక్షాన ముగిసిందో తేలిపోయింది. (1979లో కార్టర్ శ్వేతసౌధం కప్పు మీద పెట్టించిన సౌరఫలకాలను కూడా 1986లో దించేశారు.) అయితే కార్లు తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడవాలన్న 1975 చట్టం మాత్రం నిజంగా పనిచేసిందని ఒప్పుకోవాలి.

మన దేశం సంగతి. 1973 నవంబరులో పెట్రోలు ధర పెంపుకు నిరసనగా వాజపేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వెళ్లాడు. ఆ ఎడ్లబండి తోలే రైతుకు పెట్రోలుతో ఏం పని అని ఎవరూ అడిగినట్లు లేదు! 1974లో బొంబాయి హైలో చమురు పడింది. అదే ఏడు ఎస్సో, 1976లో బర్మా షెల్, కాల్టెక్స్ ప్రభుత్వపరమయ్యాయి. విశాఖలో 1957 నుంచి నడుస్తున్న శుద్ధి కర్మాగారం కాల్టెక్సుదే. ఇవి చిన్న విజయాలు కావు. కాని యాజమాన్యం మారినంత మాత్రాన పంపకం మారదు.

సుఖమయ్ చక్రవర్తి అధ్యక్షతన ఏర్పడిన ఇంధన విధాన సంఘం 1974లో నివేదిక ఇచ్చింది. అప్పట్లో దేశం వాడే ఇంధనంలో సగానికి దగ్గరగా కట్టెలు, పిడకలు, పంట చెత్తే. వీటి కోసం ఏ దేశమూ యుద్ధం చెయ్యలేదు. ఏరి తెచ్చే ఆడదాని శ్రమకు కూలి లేదు గనుక ధరల పట్టికలో వీటికి చోటూ లేదు. కిరసనాయిలు ప్రియమైతే పేద ఇల్లు తిరిగి కట్టెలకే మళ్లుతుంది. అరేబియా సంక్షోభం గుడిసెలోకి వచ్చే దారి అది. 1975లో ఎరిక్ ఎక్‌హోమ్ వంటచెరకు కొరతను ‘మరో ఇంధన సంక్షోభం’ అన్నాడు. పెట్రోలు గోలలో ఆ మాట విన్నవారు కొద్దిమంది.

2016లో ఉజ్వల పథకం కింద పేద ఇళ్లకు గ్యాసు ఇవ్వటం మొదలైంది. ఖాళీ అయిన సిలిండరుకు బదులు మరొకటి కొనే డబ్బు లేని ఇళ్లలో కట్టెల పొయ్యి ఇప్పటికీ మండుతూనే ఉంది.