గట్టుకు పోయేనాటి ఇల్లు

సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలంలోని దురాజ్‌పల్లి వద్ద, పెద్దగట్టు అనీ గొల్లగట్టు అనీ పిలిచే గుట్టపై రెండేళ్ళకొకసారి మాఘమాసంలో జరిగే లింగమంతుల స్వామి జాతర, తెలంగాణలో మేడారం తరువాత అంతటి జనం కూడే జాతరగా పేరు పొందింది. ఆదివారం మొదలై గురువారం ముగిసే ఈ ఐదు రోజుల ఉత్సవంలో కేసారం నుంచి దేవరపెట్టె, అంటే దేవతామూర్తులను భద్రపరచిన పెట్టె, తరలిరావడం గురించీ, చౌడమ్మ దేవతకు ఎత్తే బోనాల గురించీ, నేలపై రంగుపొడులతో వేసే చంద్రపట్నమనే పూజాముగ్గు గురించీ తెలిసినంతగా, పిల్లాపాపలతో బండి కట్టుకొని గట్టుకు కదిలే ముందు జనం తమ ఇంటిని ఎలా సర్దిపెట్టి వెళ్ళేవారన్నది తెలియదు. జాతర చరిత్రలో ఇంటికి కూడా చోటుండాలి; ఎందుకంటే వెనుక ఇల్లు నిబ్బరంగా ఉంటేనే ముందు బండి కదిలేది.

మాఘం శిశిర ఋతువుకు మొదటి నెల. అప్పటికి ఆబి, అంటే నిజాం కాలపు రెవెన్యూ పరిభాషలో వానకాలపు వరిపంట, కోతా నూర్పిడీ అయి ధాన్యం ఇల్లు చేరి ఉంటుంది. తాబి, అంటే యాసంగి వరి, నాట్లు పడుతూనో పడియో ఉంటుంది. ఏడాది మొత్తంలో ఇల్లు నిండుగా ఉండే రోజుల్లోనే ఇంటివారు దాన్ని విడిచి పోవలసి రావడం ఈ ప్రయాణంలోని అసలు చిక్కు. జాతరకు పక్షం రోజుల ముందు జరిగే దిష్టిపూజతో గట్టు మీద పనులు మొదలైతే, ఇళ్ళల్లోనూ సర్దుబాటు అప్పుడే మొదలయ్యేది. వెదురు బద్దలతోనో కట్టెపుల్లలతోనో అల్లి, మట్టీ పేడా కలిపి మెత్తిన గుమ్మిలో వడ్లు పోసి, మూత చుట్టూ మళ్ళీ మట్టి మెత్తేవారు. పప్పుధాన్యాలకు బూడిదో ఎండిన వేపాకో కలిపి పురుగు పట్టకుండా చూసేవారు. ఆరిన మెత్తు మీద చెయ్యి పడితే పగులు కనబడక తప్పదు కనుక, పురుగును ఆపే ఆ మట్టే దొంగతనాన్నీ బయటపెట్టేది.

గింజ ఎక్కువ ఉన్నవారికి పాతర ఉండేది. భూమిలో గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరచి, ధాన్యం పోసి, పైన మట్టితో కప్పేసే ఈ నిల్వ పద్ధతి పండుగ ప్రయాణాలకే కాక కష్టకాలపు ప్రయాణాలకూ అక్కరకు వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నిజాం ప్రభుత్వం లెవీ పేరుతో రైతుల నుంచి ధాన్యం వసూలు చేసినప్పుడూ, 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి ముఖ్య కేంద్రాల్లో ఒకటైన సూర్యాపేట తాలూకాలో నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్ల దాడులకు జడిసి జనం ఊళ్ళు విడిచినప్పుడూ, గింజను కాపాడుకొనే దారుల్లో పాతర ఒకటి. దేవుడి కోసం బయలుదేరినవారికీ ప్రాణభయంతో బయలుదేరినవారికీ ఒకే గొయ్యి ఆసరా అయిందన్నది ఈ ప్రాంత చరిత్రలో మరువరాని సంగతి.

ధాన్యం తరువాతి చింత నిప్పు. గడ్డికప్పు, తాటాకు కప్పు మంచు తగ్గిన మాఘంలో ఎండి గలగలలాడుతుంటాయి. ఒక్క నిప్పురవ్వ వాడంతటినీ కాల్చగలదు. మామూలు రోజుల్లో పిడకను బూడిదలో కప్పి నిప్పును మరుపూటకు దాచుకొనే ఇల్లాలు, ప్రయాణపు రోజున మాత్రం పొయ్యినీ చలికాగే కుంపటినీ పూర్తిగా చల్లార్చి, పొయ్యి అలికి, గడపకు పసుపు పూసి బయలుదేరేది. తిరిగివచ్చాక నిప్పు పొరుగింటి నుంచి తెచ్చుకోవలసిందే.

అయితే పశువులనూ మోటబావినీ గుమ్మిలో దాచలేరు. తోలుబొక్కెనను ఎడ్లతో లాగించి నీరు తోడే మోట ఆగితే తాబి నారు ఎండుతుంది, మంద ఆకలికి ఆగదు. అందువల్ల ఇంటికొకరైనా, చాలాసార్లు ముసలివారో పాలివారిలో, అంటే దాయాదుల్లో, ఒకరో, ఆగిపోక తప్పేది కాదు. "ఇల్లు పైలం" అని వారికి అప్పజెప్పి వెళ్ళేవారు. పైలం అంటే జాగ్రత్త. ఆ రెండు మాటల్లో దొడ్డీ, దూడా, దీపం అన్నీ ఇమిడి ఉండేవి. గొలుసూ గొళ్ళెమూ తలుపుకు ఉన్నా, ఇంటిని నిలిపింది ఆ అప్పగింతే.

మోటల స్థానంలో కరెంటు మోటర్లు వచ్చి, గడ్డికప్పుల చోట స్లాబు ఇళ్ళు లేచాక ఈ లెక్క మారింది. ఇప్పుడు చలికాలంలో తాళం పడే ఇల్లు ఎక్కువగా పట్నంలోనిది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ జాతీయ రహదారి మీదుగా సూర్యాపేట, కోదాడ వైపు వచ్చేవారికి, నగలూ నగదూ ఇంట్లో ఉంచవద్దనీ, ఠాణాలో తెలియజేయమనీ, పక్కింటివారికి చెప్పి వెళ్ళమనీ పోలీసులు ఏటా సూచిస్తుంటారు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు డిసెంబరులో స్వదేశానికి వచ్చేటప్పుడు, గొట్టాల్లో నీరు గడ్డకట్టి ఉబ్బి అవి పగలకుండా నీటి సరఫరాను కట్టివేసి, ఖాళీ ఇంట్లోనూ వెచ్చదనం సుమారు 13 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా వేడినిచ్చే యంత్రాన్ని నడవనిస్తాయి. చివ్వెంల ఇల్లాలు ఆర్పివెళ్ళిన వేడిని అక్కడ ఆరకుండా కాపాడవలసి వస్తుంది.

2025 ఫిబ్రవరి 16 నుంచి 20 వరకు జాతర జరిగినప్పుడు హైదరాబాదు నుంచి విజయవాడ వైపు వెళ్ళే వాహనాలను నార్కెట్‌పల్లి వద్దనే నల్లగొండ, మిర్యాలగూడ, కోదాడ దారికి మళ్ళించారు; అంతటి జనం వెనుక అన్ని ఇళ్ళున్నాయి. పాతరలు పూడిపోయాయి, మట్టి మెత్తిన గుమ్ములు అరుదైపోయాయి, ఆ సర్దుబాటును చేతులతో చేసిన తరం వృద్ధాప్యంలో ఉంది. రానున్న జాతరలో గట్టు మీద డప్పులనూ గజ్జెలనూ చిత్రీకరించబోయే పరిశోధకులు, ఊళ్ళో ఆగిపోయిన ముసలివారి దగ్గరకూ ఒకసారి వెళ్ళి, వారి మాటలను కూడా నమోదు చేయాలి.