గేరు బలహీనులకేనా?



మీ ఇళ్ళల్లో పిల్లల గేర్ల సైకిలు ఉండే ఉంటుంది. హాండిల్ దగ్గర మీటలు, వెనక చక్రానికి పళ్ళచక్రాల దొంతర చూసి, "మనకెందుకమ్మా ఈ యంత్రాల గొడవ" అనుకుంటాం. కాని ఆ దొంతర వెనక ఓ పెద్ద తగాదా నడిచింది. అందులో ఒక స్త్రీకీ పాత్ర ఉంది.

1870ల నాటి సైకిలుకు పెడళ్ళు ముందు చక్రానికే బిగించి ఉండేవి. ఒక తొక్కుకి చక్రం ఒక్కసారే తిరుగుతుంది. ఎక్కువ దూరం పోవాలంటే పెద్ద చక్రం కావాలి. అందుకని మనిషి ఛాతీ అంత ఎత్తు చక్రాలు చేశారు. పొడుగు గౌన్ల ఆడవాళ్ళు దాని మీదికి ఎలా ఎక్కుతారు చెప్పండి? 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన రోవర్ సైకిలు తెచ్చాడు. చక్రాలు ఇంచుమించు సమానం, వెనక చక్రానికి గొలుసు. ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో సైకిలెక్కింది ఆ తర్వాతనే.

గొలుసు వచ్చాక అసలు కిటుకు దొరికింది. ముందు పళ్ళచక్రానికి 48 పళ్ళు, వెనక దానికి 16 ఉన్నాయనుకోండి. ఒక తొక్కుకి వెనక చక్రం మూడుసార్లు తిరుగుతుంది. సుమారు ఆరు మీటర్లు పోతాం. వెనక 24 పళ్ళదైతే రెండుసార్లే, నాలుగు మీటర్లే. దూరం తగ్గింది, కాలి మీద భారమూ తగ్గింది. బిందెడు నీళ్ళు మేడమీదికి ఒక్కసారి మోయలేకపోతే నాలుగు చెంబులుగా మోస్తాం కదూ? నీళ్ళు అవే, తిరుగుళ్ళే ఎక్కువ. గేరు చేసేదీ అంతే.

ఫ్రాన్సులో సాంతెతియెన్ అనే కొండల ఊళ్ళో పాల్ ద వీవీ అనే ఆయన (1853–1930) సైకిలు పత్రిక నడిపేవాడు. ముందు రెండు పళ్ళచక్రాలు పెట్టి, గొలుసు చేత్తో మార్చుకుంటూ కొండలెక్కి చూశాడు. జీవితమంతా గేర్ల కోసం వాదించాడు. ఇంగ్లండులో 1902–03 ప్రాంతంలో స్టర్మీ ఆర్చర్ వారి మూడు గేర్ల హబ్బు వచ్చింది. అందులో గేర్లన్నీ హబ్బు లోపలే దాగి ఉంటాయి.

కాని పందేల పెద్దలు ఒప్పుకోలేదు. టూర్ ద ఫ్రాన్స్ పందెం 1903లో మొదలుపెట్టిన హెన్రీ దెగ్రాంజ్, గేర్లు నలభై అయిదు దాటినవాళ్ళకి తగినవని తేల్చేశాడు. బలం చూపాలి గాని యంత్రం సాయమేమిటని ఆయన వాదన. అంతకు ముందే, 1902లో, పిరనీస్ కొండల్లో 2,115 మీటర్ల తూర్మలే కనుమ మీద జరిగిన పోటీలో మార్త్ హెస్ అనే ఆమె గేర్ల సైకిలు మీద, ఎక్కడా కాలు నేల మోపకుండా పైకెక్కింది. అయినా ఆ మాట చెవికెక్కటానికి ముప్పై అయిదేళ్ళు పట్టింది. టూర్‌లో గొలుసు మార్చే గేర్లని 1937లో గాని అనుమతించలేదు. అందాకా పందెగాళ్ళు కొండ మొదట్లో దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండోవైపు పళ్ళచక్రం గొలుసుకి వచ్చేటట్టు తిప్పి బిగించుకునేవారు! గేర్లు లేకుండా ఇవాళ ఆ పందెంలో ఎవరూ దిగరు. ఆ తూర్మలే మీదికే 2023లో ఆడవాళ్ళ టూర్ కూడా వెళ్ళింది. నెదర్లాండ్స్‌కి చెందిన డెమీ వోలెరింగ్ గెలిచింది.

కనక మీరు ఆ సైకిలెక్కితే నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. కాళ్ళు ఎప్పుడూ ఒకే జోరున తేలిగ్గా తిరగాలి. దానికి తగ్గట్టు గేరు మార్చండి. ఎత్తు వచ్చాక కాదు, రాకముందే వెనక పెద్ద పళ్ళచక్రానికి మారండి. గొలుసు ఒక చక్రం మీంచి ఇంకోదాని మీదికి దూకే రకమైతే, మార్చేటప్పుడు తొక్కుతూనే ఉండాలి, కాని గట్టిగా కాదు. హబ్బు లోపలి గేరైతే మాత్రం ఒక్క క్షణం తొక్కటం ఆపాలి. ముందు పెద్దది, వెనక పెద్దది రెండూ ఒకేసారి పెట్టకండి. గొలుసు అడ్డంగా లాగి అరిగిపోతుంది.

వంతెన ఎక్కేటప్పుడు చిన్న గేరు వేసుకుంటే ఎవరైనా నవ్వుతారేమో. నవ్వనివ్వండి. ఆ నవ్వు దెగ్రాంజ్‌గారి కాలంనాటిది.