స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ పనుల్లో మాట, మర్యాద: మన ఇళ్లవాళ్లకు ఒక వివరణ

తెల్లవారక ముందే మారికుప్పంలో బెంగళూరు రైలు ఎక్కేవాళ్లలో కంప్యూటర్ ఉద్యోగాలకు వెళ్లే మన పిల్లలు చాలామంది ఉన్నారు. వీళ్లలో కొందరు సెలవు రోజుల్లో జీతం లేని ఇంకో పని చేస్తుంటారు. అందరూ ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్‌ను సరిదిద్దుతారు, తెలుగులోకి మారుస్తారు, తెలుగు వికీపీడియాలో మన ఊళ్ల గురించి రాస్తారు. ఈ పనుల్లో ఒకరి ముఖం ఒకరికి తెలియదు. అక్కడ జరిగేదంతా రాతలోనే. కాబట్టి ఎలా రాయాలి, ఎలా జవాబివ్వాలి అన్నది తెలుసుకోవలసిన విషయం.

ఇది రాయడానికి ఒక కారణం ఉంది. రెండేళ్ల కిందట మన సంఘానికి వచ్చే ఒక కాలేజీ కుర్రవాడు వాళ్ల అవ్వ దగ్గర కూర్చుని మన వైపు మాటలు నలభై దాకా రాసుకున్నాడు. తెలుగు పదాలు పోగుచేసే ఒక స్వచ్ఛంద ప్రాజెక్టుకు వాటిని పంపాడు. వాళ్ల పేరు ఇక్కడ చెప్పను. వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన జవాబు ఒకే వాక్యం. ఇవి కన్నడం మాటలు, ముందు తెలుగు నేర్చుకుని రమ్మన్నారు. అతను మళ్లీ ఆ వైపు పోలేదు. ఆ నలభై మాటల్లో మొదటిది 'జాస్తి'. ఉర్దూ నుంచి వచ్చి తెలుగులోనూ, కన్నడలోనూ, మరాఠీలోనూ వాడుకలో ఉన్న మాట అది. జవాబు రాసినాయన ఒక్క నిమిషం ఆగి అడిగి ఉంటే ఆ సంగతి తెలిసేది.

ఈ పనులు ఎలా జరుగుతాయి

ఫిన్లండ్‌లో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ ఈ రకం పనికి పెద్ద ఉదాహరణ. ప్రపంచంలో ఎవరైనా దానికి ఒక మార్పు రాసి పంపవచ్చు. ఆ భాగం చూసుకునేవారు దాన్ని పరిశీలించి, బాగుంటే చేర్చుకుంటారు, లేకపోతే కారణం రాసి తిప్పి పంపుతారు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దానికి తొలి అడుగు వేసినవారు వెన్న నాగార్జున గారు. ఇప్పుడు అందులో లక్షకు పైగా వ్యాసాలు ఉన్నాయి. ఇక్కడ పద్ధతి కొంచెం వేరు. మీరు రాసింది వెంటనే పేజీలో కనబడుతుంది, నచ్చనివారు దాన్ని వెంటనే రద్దు చేయనూ వచ్చు. అందుకే ప్రతి వ్యాసానికి ఒక చర్చ పేజీ ఉంటుంది. అందరికీ సంబంధించిన సంగతులు మాట్లాడుకునే చోటుకు రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. ప్రతి మార్పు కింద ఎందుకు మార్చామో ఒక ముక్క రాసే గడి ఉంటుంది, దాన్ని దిద్దుబాటు సారాంశం అంటారు.

ఇవికాక పదాలకు విక్షనరీ ఉంది, ప్రపంచ పటానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది, తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ ఉంది. అన్నిచోట్లా పని నడిచే తీరు దాదాపు ఒకటే. ఒకరు చేస్తారు, ఇంకొకరు చూస్తారు, ఇద్దరూ రాతలో మాట్లాడుకుంటారు.

కటువు మాట వల్ల జరిగే నష్టం

జీతం ఇచ్చే చోట పై అధికారి ఒక మాట అన్నా, ఒకటో తేదీ కోసం మనిషి ఓర్చుకుంటాడు. జీతం లేని చోట మనిషి నిలిచేది మర్యాద ఉంటేనే.

ఇంగ్లీషు వికీపీడియాలో రాసేవారి సంఖ్య 2007 తర్వాత తగ్గుతూ వచ్చింది. దాని మీద అమెరికా పరిశోధకులు చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవాళ్ల రాతలను కూడా వచ్చినవి వచ్చినట్టు కొట్టేయడం ఈ తగ్గుదలకు ఒక ముఖ్య కారణమని అందులో తేలింది. పాడుచేసేవాళ్లను ఆపడానికి పెట్టిన కట్టుబాట్లే కొత్తవాళ్లను వెళ్లగొట్టాయన్నమాట.

లినక్స్‌లోనూ ఈ గొడవ ఉంది. టోర్వాల్డ్స్ ఎదుటివారి తప్పుల మీద చాలా పరుషంగా రాస్తారని ఏళ్ల తరబడి పేరు. 2018 సెప్టెంబరులో ఆయన తన తీరుకు బహిరంగంగా క్షమాపణ చెప్పి, కొన్ని వారాలు పనికి దూరంగా ఉన్నారు. అదే సమయంలో లినక్స్‌కు కొత్త ప్రవర్తన నియమావళి వచ్చింది. 2014లో తయారైన 'కంట్రిబ్యూటర్ కవనెంట్' అనే నియమావళి దానికి ఆధారం. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ కూడా తన ప్రాజెక్టులన్నింటికీ వర్తించే ప్రవర్తన నియమావళిని 2021లో ప్రకటించింది. తెలుగు వికీపీడియా కూడా దాని కిందికే వస్తుంది. మీ పిల్లలు ఏ ప్రాజెక్టులో చేరినా మొదటి రోజే అక్కడి నియమావళిని ఒకసారి చదవమనండి.

గుమాస్తా పనిలో నేర్చుకున్నది

నేను ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లతో గడిపినవాణ్ణి. ఆఫీసులో ఫైలుకు ఎడమ వైపు నోట్ షీట్ ఉంటుంది. దాని మీద కాగితంలోని తప్పు గురించి రాస్తాం, కాగితం పెట్టినవాడి గురించి రాయం. 'మూడో పేజీ మొత్తంలో తేడా ఉంది, సరిచూసి తిరిగి పెట్టవలెను' అని రాస్తే పని అవుతుంది. 'ఈయనకు కూడికలు రావు' అని రాస్తే ఆయనా, నేనూ ఆ సంవత్సరమంతా మాట్లాడుకోం, మొత్తంలో తేడా మాత్రం అలాగే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కోపంగా ఒక నోట్ రాస్తే, మా సూపరింటెండెంట్ గారు దాన్ని చింపించి మళ్లీ రాయించారు. నేను రిటైరైన తర్వాత కూడా ఆ కాగితం ఫైలులో ఉంటుందని చెప్పారు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లోనూ అంతే. రాసిన ప్రతి ముక్క తేదీతో, పేరుతో ఉండిపోతుంది, పదేళ్ల తర్వాత కూడా ఎవరైనా తీసి చదవవచ్చు.

నువ్వు, మీరు, గారు

ఇంగ్లీషులో ఎవరినైనా ఒకే మాటతో పిలుస్తారు. తెలుగులో అలా కుదరదు. పైగా మన కోలారు వైపు పల్లెల్లో పెద్దవాళ్లను కూడా 'నువ్వు' అని, చివర 'నా' అనో 'ప్పా' అనో చేర్చి పిలుస్తాం. 'ఎప్పుడు వస్తివినా' అంటే మనకు అందులో ప్రేమే ఉంది. అదే మాట రాతలో చదివే గుంటూరు మనిషికో, వరంగల్ మనిషికో అమర్యాదగా తోచవచ్చు. వయసు, ఊరు తెలియనివారితో 'మీరు' అనే మొదలుపెట్టాలి, పేరు చివర 'గారు' పెట్టాలి. పరిచయం పెరిగి వాళ్లే చనువిస్తే అప్పుడు మార్చుకోవచ్చు. ఆడవాళ్లను కూడా పేరు, గారు అనే రాయాలి. 'డియర్', 'అమ్మాయ్' లాంటివి వద్దు.

ఈ చిక్కు రెండు వైపులా ఉంటుంది. మన వైపు పిల్లవాడు 'నువ్వు చూడునా' అని రాస్తే, అది ఆ ఊరి మర్యాద అయి ఉండవచ్చునని అవతలివారు కూడా అనుకోగలగాలి. గనుల లైన్లలో తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ మాట్లాడే ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉండేవి. పక్కింటివాళ్ల మాట వింతగా ఉంటే అర్థం అడిగేవాళ్లం. ఆ అలవాటు మన పిల్లలకు ఈ పనుల్లో బాగా పనికొస్తుంది.

రాసే తీరుకు కొన్ని నమూనాలు

• తప్పు చూపేటప్పుడు ఆధారంతో చూపండి. 'ఏమీ తెలియకుండా రాశారు' అనే బదులు, 'బంగారు గనులు మూతపడింది 2001 ఫిబ్రవరి 28న. ఇక్కడ వేరే సంవత్సరం ఉంది, ఒకసారి చూస్తారా?' అని రాయండి.

• మీరు ఒకరి రాతను రద్దు చేస్తే కారణం తప్పకుండా రాయండి. కారణం లేని రద్దు ముఖం మీద తలుపు వేసినట్టు ఉంటుంది. 'వివరం బాగుంది, ఆధారం లేదు కాబట్టి ప్రస్తుతానికి తీశాను. పుస్తకమో, పత్రికో చూపితే తిరిగి చేర్చవచ్చు' అంటే సరిపోతుంది.

• కొత్తవాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఎగతాళి చేయకండి. తెలుగులో టైపు చేయడం ఎలాగో రెండు వాక్యాల్లో చెప్పండి.

• లోపం గురించి ఫిర్యాదు చేసేటప్పుడు వివరం ఇవ్వండి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం కనబడితే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయేవి. ఏ అక్షరం, ఐఓఎస్ 11.2.5 లో ఏం జరుగుతోంది అని జనం స్పష్టంగా చూపారు, ఆ నెలలోనే 11.2.6 తో దాన్ని సరిచేశారు. అది ఒక కంపెనీ ఫోను, జీతగాళ్లు ఉన్న చోటు. ఊరికే చేసేవాళ్ల దగ్గర ఇంకా ఓపికగా, ఇంకా వివరంగా చెప్పాలి. 'మీ సాఫ్ట్‌వేర్ పనికిరాదు' అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

• జవాబు ఆలస్యమైతే నిలదీయకండి. అవతలివారు ఉద్యోగం చూసుకుని, పిల్లల్ని పడుకోబెట్టి ఈ పనికి కూర్చుంటారు. వారం, పది రోజులు ఆగి ఒకసారి గుర్తుచేయండి.

• బాగా చేసినవారికి ఆ మాట చెప్పండి. వికీపీడియాలో ధన్యవాదాలు తెలపడానికి ఒక మీటే ఉంది.

మన యాస సంగతి

మన వైపు మాటలు పంపేవారు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. మాట ఒక్కటే పంపితే చూసేవారికి ఏమీ అర్థం కాదు. ముల్బాగలులోనా, శ్రీనివాసపురంలోనా, బేతమంగళంలోనా ఎక్కడ విన్నారో, ఎవరు వాడతారో, ఒక వాక్యంలో ఎలా వస్తుందో రాయాలి. మన కుర్రవాడు నలభై మాటలనూ ఒక్కసారిగా, ఏ వివరమూ లేకుండా పంపాడు. అది అతని వైపు లోటు.

పరిశీలించేవారు 'ఇది తెలుగు కాదు' అనడానికి ముందు 'మీ ఊళ్లో దీన్ని ఎలా వాడతారు?' అని అడగాలి. ఒక్కో జిల్లా మాటను ఒక్కో రకంగా ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం తెలుగులో కొత్త సంగతి కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు అలా ఊరూరా రైతుల మాటలు సేకరింపజేసి, మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటాన్ని 1962లోనే తెచ్చారు.

ఊరి పేర్ల మీద కూడా తగాదాలు వస్తుంటాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒకే ఊరికి తెలుగు, కన్నడ, తమిళ పేర్లు వేర్వేరు గళ్లలో రాసే వీలుంది. మన పేరు చేర్చడానికి ఇంకొకరి పేరు చెరపవలసిన అవసరం లేదు.

గొడవ ముదిరితే

కోపంలో రాసిన జవాబును వెంటనే పంపకండి, ఒక రాత్రి ఆగండి. ఇద్దరి మధ్య రెండుసార్లు తెగనిది మూడోసారీ తెగదు. అప్పుడు సంబంధం లేని మూడో మనిషిని పిలిచి చూడమనాలి. పొరపాటు మనదైతే 'నాదే తప్పు, సరిచేశాను' అని ఒక వరుసలో చెప్పి ముగించాలి.

మర్యాద అంటే అన్నీ పడాలని కాదు. కులం, మతం, ఊరు, ఆడతనం పట్టుకుని ఎవరైనా దూషిస్తే, బెదిరిస్తే, వాదించవద్దు. ఆ రాతలను అలాగే భద్రపరచి, నియమావళిలో చెప్పిన చోట ఫిర్యాదు చేయాలి. పిల్లలు ఇలాంటిది ఇంట్లో చెబితే, 'అసలు నిన్ను ఆ పని ఎవరు చేయమన్నారు?' అని తిట్టకండి. అలా అంటే రెండోసారి మనకు చెప్పరు.

చివరగా ఒక మనవి

ఆ కుర్రవాడి నోటుపుస్తకం ఇప్పుడు సంఘం బీరువాలో ఉంది. మాటలు చెప్పిన అవ్వ పోయిన ఏడాది కాలం చేసింది. కొన్ని మాటలకు అర్థం అడగడానికి ఇప్పుడు ఆమె లేదు. ఇలాంటి పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఉంటే, ఆ నలభై మాటల జాబితా చూసి, తెలిసినవాటికి అర్థం, ఊరు, ఒక వాక్యం చెప్పండి. ఆదివారాలు ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా నేను సంఘంలోనే ఉంటాను. వివరాలన్నీ సమకూరాక ఈసారి పదేసి మాటల చొప్పున పంపుదామని ఆ అబ్బాయిని అడిగాను. చూద్దాం అన్నాడు.