మేము, మనము

తళిలో నేను పనిచేసిన బ్యాంకులో అప్పు వాయిదా సంగతి ఎత్తితే కొందరు రైతులు "కట్టేద్దాం సార్" అనేవారు. "కడతాం" అంటే బాకీ వారిదే. "కట్టేద్దాం"లో నేనూ కలిసిపోతాను! కామర్సు చదివిన నాకు వ్యాకరణం మీద ఆసక్తి పుట్టింది ఆ కౌంటరు దగ్గరే.

ఈ తేడా మనకెవరూ నేర్పలేదు. దొరలకు నేర్పవలసి వచ్చింది. కొత్తగా వచ్చిన కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు చెప్పడానికి 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టారు. ఏ.డి.కాంబెల్ తెలుగు వ్యాకరణం 1816లో అచ్చయింది. ఇంగ్లీషు "వి" ఒక్కటే తెలిసినవాడికి మేము, మనము వేరని తెలియడం కష్టమే కదా.

ఆ పుస్తకం పీఠికలోనే ఎల్లిస్ దొర, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో దానిది ఒకే కుటుంబమనీ ధాతువులతో చూపాడు. కాల్డ్వెల్ గ్రంథానికి అది నలభై ఏళ్ళు ముందు. ఎల్లిస్‌కు ధాతువుల పట్టిక అందించిన కాలేజీ పండితుడు పట్టాభిరామశాస్త్రిని తలచేవారు తక్కువ.

ఎల్లిస్ చెప్పిన చుట్టరికం తళి సంతలో రోజూ వినబడేదే. తమిళంలోనూ "నాంగళ్", "నామ్" అని రెండున్నాయి. కన్నడంలో ఇప్పుడు "నావు" ఒక్కటే మిగిలింది.

2006 చట్టంతో మన బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్వడం మంచిదే. తెలుగు పాఠం తగ్గిపోవడమే బాధ. మొన్న మా బంధువుల పిల్లవాడు, ఇంగ్లీషు మీడియం, "మామా, మనం రేపు తిరుపతికి పోతాం" అన్నాడు. నేను సంచి సర్దుకోబోయాను. వాడు చెప్పదలచింది "మేం" అని.