అడవికోడి మెడలో మైనం బొట్లు

తమిళనాడులోని రాజపాళయం అనగానే తెల్లటి వేటకుక్క గుర్తొస్తుంది. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్ళ కూడా వేసింది. విజయనగర కాలంలో ఆంధ్రదేశం నుంచి వచ్చి స్థిరపడి, ఇంట్లో నేటికీ తెలుగే మాట్లాడే రాజుల ఊరు కదా, ఆ కుక్క గురించి మనవాళ్ళూ కాస్త గర్వంగానే చెప్పుకుంటారు. ఊరికి పడమట పశ్చిమ కనుమల్లో తిరిగే బూడిదరంగు అడవికోడిని మాత్రం ఎవరూ తలుచుకోరు. స్కాట్లాండ్ నదుల్లో సాల్మన్ చేపలు పట్టే దొరలు ఈ జాతి పుంజు మెడ ఈకల కోసం తరాల తరబడి ఎగబడ్డారని తెలిసినప్పటి నుంచీ ఆ సంగతి నన్ను వదలడం లేదు.

ఆ ఈకలో అంత ఏముంది? నల్లగా, సన్నగా ఉంటుంది. మధ్యకాడ కొస దగ్గరికి వచ్చేసరికి పలకలా చదునై, గట్టిపడి, మైనం కరిగించి బొట్టు పెట్టినట్టు మెరుస్తుంది. పైన ఒక తెల్లబొట్టు, కొసన పసుపుబొట్టు. పెట్టకు ఈ సొగసు లేదు. పుంజుకైనా ఏడాది పొడవునా ఉండదు. వానాకాలంలో ఈకలు రాల్చి సాదాగా తయారవుతుంది.

పుదుచ్చేరి ప్రాంతంలో తిరిగిన ఫ్రెంచి ప్రకృతి పరిశోధకుడు సొన్నెరా 1782లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ఈ పక్షిని వర్ణించాడు. 1813లో డచ్చి పక్షిశాస్త్రవేత్త టెమ్మింక్ దానికి అతని పేరే పెట్టాడు. మన పెరటికోళ్ళన్నిటికీ ఎర్ర అడవికోడే మూలమని డార్విన్ తేల్చాడు. అయితే కోళ్ళకు పసుపు చర్మాన్నిచ్చే జన్యువు ఈ బూడిద కోడి నుంచే వచ్చిందని 2008లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం చూపించింది. అంటే పచ్చకాళ్ళ కోడి కనిపించిన ప్రతి పెరట్లోనూ ఈ కనుమల చుట్టరికం కొంత ఉన్నట్టే.

ఇక గాలాల సంగతి. వానపాముకు బదులు కొక్కేనికి ఈకలు, దారం, ఊలు చుట్టి పురుగులా భ్రమింపజేయడం పాత విద్యే. దీన్ని ఫ్లై అంటారు. క్రీ.శ. 200 ప్రాంతంలో ఏలియన్ అనే రచయిత మాసిడోనియా జాలరుల పద్ధతి రాశాడు: కొక్కేనికి ఎర్ర ఊలు చుట్టి, కోడిపుంజు గొంతు కింద పెరిగే మైనం రంగు ఈకలు రెండు కట్టేవాళ్ళట. 1496లో ఇంగ్లండులో గాలపు వేట మీద పుస్తకం అచ్చయింది. మధ్యలోని దాదాపు పదమూడు వందల ఏళ్ళను ఒక్క గెంతులో దాటేస్తున్నాను, ఎందుకంటే నా మనసంతా విక్టోరియా కాలం మీదే ఉంది.

అబ్బ, అదేం కాలం! పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో లార్డ్ జాన్ స్కాట్ దగ్గర పనిచేసే జాక్ స్కాట్ కట్టిన ఫ్లై అతని పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. నార్వేకు ఓడలో పోతూ కట్టాడని చెప్పుకుంటారు. అందులో దక్షిణ అమెరికా టూకాన్, మకావ్, ఆఫ్రికా నిప్పుకోడి, గినీకోడి, చైనా బంగారు ఫెజెంట్, మన నెమలి, ఆ పైన రెండు పక్కలా బుగ్గల్లా మన అడవికోడి మెడ ఈకలు. ఒక్క కొక్కెం మీద మూడు ఖండాలు! సామ్రాజ్యం ఓడలన్నీ అక్కడ లంగరేశాయా అనిపిస్తుంది. కెంట్ జట్టుకు క్రికెట్ ఆడిన జార్జ్ కెల్సన్ 1895లో 'ది సాల్మన్ ఫ్లై' అని పెద్ద గ్రంథమే రాసి, ఏ నమూనాకు ఏ ఈక ఎక్కడ పెట్టాలో శాసనాలు చేశాడు. ఇంతా చేస్తే సాల్మన్ సముద్రం విడిచి నదిలోకి ఎక్కాక తిండే ముట్టదు! చిరాకుతోనో పాత అలవాటుతోనో గాలాన్ని కొరుకుతుంది. ఆ రంగుల తపనంతా చేప కోసం కాదు, పక్కవాడి డబ్బా చూసి కుళ్ళుకునే మనిషి కోసమే.

ఆ కుళ్ళుకు పక్షులు మూల్యం చెల్లించాయి. 1902లో భారత ప్రభుత్వం పక్షి చర్మాలు, ఈకల ఎగుమతిని నిషేధించింది. బ్రిటన్ 1921లో దిగుమతులకు అడ్డుకట్ట వేసింది. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అడవికోడిని వేటాడటం నేరమే. ఇప్పుడు ఫ్లైలు కట్టేవాళ్ళకు అందే ఈకలు చాలావరకు బ్రిటన్‌లో పెంచిన పక్షులవి. అయినా పిచ్చి తీరలేదు. 2009 జూన్‌లో ఓ కుర్ర వేణుగాన విద్యార్థి ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియంలో జొరబడి 299 పక్షి చర్మాలు ఎత్తుకుపోయాడు. వాటిలో ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ సేకరించినవీ ఉన్నాయి. సాల్మన్ ఫ్లైల కోసం! ఏ అడవిలో ఏ రోజు దొరికిందో రాసి ఉన్న చీటీలు కొన్నిటి నుంచి ఊడిపోయాయి. ఈకలు దొరికినా ఆ చీటీలు లేకపోతే శాస్త్రానికి అవి పనికిరావు. నన్ను బాధించేది ఆ నష్టమే.

కొత్తగా ఫ్లై కట్టాలనుకునే రాజపాళయం కుర్రాడికి ఈ వైభవమేదీ అక్కర్లేదు. కోళ్ళ అంగట్లో పారేసే మెడ ఈకలు చాలు, కడిగి ఆరబెట్టుకుంటే సరి. పుంజు ఈకను వేళ్ళ మధ్య వంచితే పోగులు విడివిడిగా, బిరుసుగా లేస్తాయి. అది నీటి మీద తేలే ఫ్లైకి. పెట్ట ఈక మెత్తన, నీళ్ళు పీల్చి మునుగుతుంది, మునిగే ఫ్లైకి అదే కావాలి. పోగు పొడవు కొక్కెం నోటి వెడల్పుకు ఒకటిన్నర రెట్లుంటే కుదురుతుంది. ఈక మొదట్లో ఉండే నూగు పీకేయాలి. దారానికి కరువేముంది, ఊరంతా నూలు మిల్లులే.

రంగు ఎంచడం మనవాళ్ళకు కొత్తా? డేగ, కాకి, సేతు, మైల, పింగళ అంటూ పందెంకోళ్ళను ఈకను బట్టే విడదీసిన కుక్కుట శాస్త్రం మనది. ఒక్కో ఈకలో నలుపు, తెలుపు, ఎరుపు మూడూ ఉన్నది పూల. ఇంచుమించు అలాంటి మూడురంగుల పుంజు ఈకకే అమెరికాలో ఫ్లైలు కట్టేవాళ్ళు క్రీ అని పేరుపెట్టి, అరుదైనదని ఎక్కువ ధర పోస్తారు. వాళ్ళు ఈక కోసమే కోళ్ళను తరాల తరబడి ఎంచి పెంచారు. 2011లో అమ్మాయిలు ఆ పొడవాటి ఈకల్ని జడల్లో కట్టుకునే మోజు పుట్టి, గాలాలవాళ్ళకు దొరక్కుండా పోయాయి. మనం మాత్రం అంత చూపునూ బరిలో కత్తి కట్టడానికే ఖర్చుపెట్టేశాం.

ఇక నెమలి ఈక. దాని పోగు రెండు మూడు కలిపి కొక్కేనికి చుడితే పురుగు ఒళ్ళు పచ్చగా నిగనిగలాడుతుంది, మొదటి ఫ్లైకి అంతకన్నా సులువైన సరుకు లేదు. దానంతట అదే రాల్చిన తోక ఈకను వాడుకోవడానికి మన చట్టం ఒప్పుకుంటుంది. అది చుట్టిన ఫ్లైని విదేశంలోని స్నేహితుడికి పంపుదామనుకుంటే మాత్రం కుదరదు, నెమలి ఈకల ఎగుమతి నిషిద్ధం. అతనికి కోడి ఈకతోనే కట్టి పంపాలి.